లోపం

మైదుకూరు దగ్గర పల్లె. పెద్దాయనకు డెబ్బై రెండేళ్లు. ఏడాదికేడాది వినికిడి తగ్గి, చివరికి చెవి మిషన్ పెట్టినా మాట అందని స్థితికి వచ్చింది. కాక్లియర్ ఇంప్లాంట్ ఒక్కటే దారి అన్నారు డాక్టర్లు. ఆరోగ్యశ్రీలో ఆ ఆపరేషన్ చిన్నపిల్లలకే. కొడుకు వెనకాడలేదు. కేసీ కాలువ కింద ఎకరా మడి అమ్మి, హైదరాబాదులో చేయించాడు. ఊరంతా మెచ్చుకుంది.

పుండు మానాక చెవి వెనక ప్రాసెసర్ తగిలించి ఆన్ చేశారు. రేకుల మీద వాన పడినట్టుందన్నాడు పెద్దాయన. ఆడియాలజిస్టు ముందే చెప్పింది. లోపల అమర్చిన ఎలక్ట్రోడ్లు నరానికి పంపే సంకేతాలు మెదడుకు కొత్త. వాటిని మాటలుగా పోల్చుకోవడం మెదడే నేర్చుకోవాలి. అందుకు రోజూ మనిషి మాట చెవిన పడాలి.

హైదరాబాదు పోవాలంటే రాత్రంతా బస్సు. అందుకే శిక్షణ వీడియో కాల్‌లో పెట్టారు. ప్రతి గురువారం అరగంట. పెదవులు కనబడకుండా ఆమె నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనేది. పెద్దాయన తిరిగి అనాలి. ఆ తర్వాత సంగటి, చెనిక్కాయలు, కాలువ. మిగతా ఆరు రోజులూ ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని ఇవే చెప్పాలి. నాలుగు మాటలు మాట్లాడాలి.

మూడు నెలలైంది. ఆమె మాటలు సగానికి పైగా అందుకుంటున్నాడు. కొడుకు పిలిస్తే పలకడం లేదు.

"మిషన్లో లోపం ఉండాది మేడం," అన్నాడు కొడుకు. "మార్పిచ్చండి. అన్ని లచ్చలు పోసినాం."

"ఇంట్లో రోజూ మాట్లాడుతున్నారా?"

"మాట్లాడకుండా ఎట్లుంటాం మేడం? ఆరుమందిమి ఉండాం."

"పెద్దాయన రోజూ పెట్టుకుంటున్నారా?"

"పొద్దున లేస్తానే పెట్టుకుంటాడు. పండుకునేటప్పుడే తీస్తాడు."

ప్రాసెసర్ తన లెక్క తానే రాసుకుంటుంది. రోజుకు ఎన్ని గంటలు చెవి మీద ఉంది, అందులో మాట ఎంతసేపు విన్నది. ఆ లెక్క ఫోన్‌లోని యాప్‌కు చేరుతుంది. దాన్ని తెరిచి చదవమంది ఆమె.

చెవి మీద ఉన్నది రోజూ పద్నాలుగు గంటలు. కొడుకు కింది వరుసకు వచ్చాడు.

"మాటలు. శుక్రవారం నాలుగు నిమిషాలు. శనివారం మూడు. ఆదివారం ఐదు. సోమవారం రెండు. మంగళవారం మూడు. బుధవారం రెండు." కాస్త ఆగాడు. "గురువారం ముప్పై నాలుగు."

ఆమె అట్ట తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"గురువారం ఒక్కరోజే ఎందుకు ఎక్కువుంది?"

కొడుకు పలకలేదు. పెద్దాయన పలికాడు.

"గురువారం నువ్వు మాట్లాడతావు గదమ్మా."