నాయన పోయినాక బాకీలు తేల్చుకునే పద్ధతి

కల్లూరులో ఇంటి పెద్ద కాలం చేస్తే కూడు దొరకడం ఆలస్యమవుతుందేమో గానీ సలహా ఆలస్యం కాదు. చెన్నమ్మ సర్కిల్లో టీ గ్లాసు పట్టుకుని కొందరు, షామియానా కింద కుర్చీ దగ్గరికి లాక్కుని కొందరు చెబుతారు. విన్నవన్నీ ఇక్కడ గుదిగుచ్చాను. ఒక్కటీ తప్పకుండా పాటించండి.

మరణం నమోదు చేయించడానికి తొందరపడొద్దు. చట్టం 21 రోజులే ఇచ్చింది, దుఃఖంలో ఉన్నోళ్ళకు అది ఏమూలకు? ఏడాది దాటనివ్వండి. అప్పుడు మెజిస్ట్రేటు ఉత్తర్వు తెమ్మంటారు. మనం ఓటేసేది పాణ్యానికి, కలెక్టరేమో కర్నూల్లో, పాణ్యం పోయి నంద్యాల జిల్లాలో పడింది. ఎవరి గడప తొక్కాలో తేలేలోపు రెండో సంవత్సరీకం కూడా పెట్టేసుకోవచ్చు.

బ్యాంకుకు మాత్రం చచ్చినా చెప్పకూడదు. ఆయన ఏటీఎం కార్డు మీ జేబులో ఉంది, నంబరు ఇంట్లో పిల్లోళ్ళకు కూడా తెలుసు, సిమ్ము ఇంకా మోగుతోంది. కొంచెం కొంచెంగా తీసుకోండి. నామినీ మీరే కాబట్టి డబ్బూ మీదే. వారసుల తరఫున తీసుకుని పెట్టుకునేవాడే నామినీ అని కోర్టులంటాయి, వాటికేం పని. ఆయన పోయిన తేదీ తర్వాత తీసిన ప్రతి నోటూ స్టేట్‌మెంటులో తేదీతో సహా ఉంటుంది. రేపు చెల్లెలు దావా వేస్తే ఆమె వకీలుకు శ్రమ తప్పుతుంది.

పంట రుణం సంగతి కూడా కదపకండి. వడ్డీ పెరిగి, కిస్తు మీరి, జామీను సంతకం పెట్టిన చిన్నాయన సిబిల్ స్కోరు పడిపోతుంది. ఆయన ట్రాక్టరు లోనుకు పోయినప్పుడు గదా తెలిసేది. ఇంటికొచ్చి అడిగితే, “అప్పు ఆయనతోనే పోయింది చిన్నాయనా” అని మజ్జిగ ఇవ్వండి. మీరు మాత్రం నాయన రికార్డు మీ పాన్ కార్డు మీదికి ఎక్కుతుందని భయపడుతూనే ఉండండి. కలిసి తీసుకున్న లోనో, మీరు జామీనున్న లోనో అయితే తప్ప ఎక్కదని ఎవరైనా చెబితే వినకండి.

పాత పాసుబుక్కులు కాల్చేయండి. ఏటా మే నెలాఖరులో 436 రూపాయల కోత కనిపిస్తే, అది జీవన్ జ్యోతి బీమా అనీ, నామినీకి 2 లక్షలు వస్తాయనీ అనవసరంగా తెలిసిపోతుంది.

ఇక అసలు ఘట్టం దినాల రోజు. వడలు, పాయసం అయినాక ఒకాయన మడత నలిగిన ప్రోనోటు తీస్తాడు. “వేరుశనగ విత్తనాలకని తీసుకున్నాడు అబ్బీ, నూటికి రెండు. మీ నాయన మాట మనిషి.” మీరు తేదీ చూడొద్దు. చూస్తే మూడేళ్ళు దాటిందేమో తెలుస్తుంది. కాగితం తిప్పొద్దు. తిప్పితే వెనక చెల్లు రాసుందేమో కనబడుతుంది. పదిమందిలో అది మర్యాద కాదు. వడ్డీని అసల్లో కలిపించి, మీ పేరు మీద కొత్త నోటు రాయించి, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం గీయండి. కాలం చెల్లిన బాకీకి ప్రాణం పొయ్యడం ఇంత సులువు.

బంధువుల్లో ఒక వకీలు ఉండే ఉంటాడు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారనీ, ఆ సెప్టెంబరు 9 తర్వాత తండ్రి చేసిన బాకీని కొడుకు ధర్మమన్న ఒక్క కారణంతో కోర్టు వసూలు చేయించదనీ గొణుగుతాడు. పోయినాయన ఆస్తి మీ చేతికి ఎంతొచ్చిందో అంతవరకే మీ బాధ్యతట. మూడెకరాల మెట్ట వస్తే ఆ మూడెకరాల విలువే. మీ జీతం, మీ ఇంటామె మెళ్ళో గొలుసు అప్పులవాడికి అందవట. ఇది చెవిన పడితే సంతకం చెయ్యబుద్ధి కాదు. అందుకని ఆ వకీలును మొదటి బంతిలోనే కూర్చోబెట్టి పంపించేయండి.

పంపకం మాత్రం ఆ సాయంత్రమే కానివ్వండి, అప్పులెన్నో లెక్క తేలకముందే. ఈసీ తీయించొద్దు. ఏ చేను తనఖాలో ఉందో తేలితే ఆ వాటాకు ఎవరూ చెయ్యి చాపరు. ఒకవేళ ముందే తెలిసుంటే, దాన్ని కువైట్‌లో ఉన్న తమ్ముడి పేరున రాసి, పచ్చగా ఉన్నప్పటి ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపండి.