కర్నూలు నుంచి కడపకు, ఆకాశమార్గాన

మా మేనమామది కడప. కర్నూల్లో విమానాశ్రయం ఉంది, కడపలోనూ ఉంది, కాబట్టి మధ్యలో విమానం తిరిగి తీరాలని ఆయన లెక్క. "బస్సులో ఏం అగచాట్లు పడతావు అబ్బీ, గాల్లో రా" అంటాడు ఫోన్లో. అత్తాకోడళ్లు ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన మాట్లాడుకుంటున్నట్టు కాదని ఆయనకెట్లా చెప్పేది?

దూరం సంగతి చూస్తే మామ మాట సబబే. కర్నూలు విమానాశ్రయమున్న ఓర్వకల్లు రన్‌వే నుంచి కడప రన్‌వేకి తిన్నగా గీత గీస్తే దాదాపు 150 కిలోమీటర్లు. మనవైపు తిరిగే ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. ఎక్కడం దిగడం కలుపుకున్నా నలభై నిమిషాల పని. ముందు వరుసకు మంచినీళ్లు అందేసరికి నంద్యాల, నడిమి వరుసకు అందేసరికి ఆళ్లగడ్డ. వెనక వరుసవాళ్లు కడపలో దిగి తాగాల్సిందే.

వచ్చిన చిక్కల్లా ఆ విమానం లేకపోవడమే. కడప విమానాశ్రయం 2015లో మొదలైంది. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం తొలి విమానాల్లో సిమ్లాతో పాటు కడపకూ చోటు దక్కింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకున్న ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో తెరుచుకుంది. రెండూళ్ల నుంచీ చెన్నైకి విమానాలు నడిచిన రోజులున్నాయి. అట్లా చెన్నై మీదుగా పోతే ఒకప్పటి పక్క జిల్లాకు చేరడానికి సుమారు 600 కిలోమీటర్లు ఎగరాలి. మధ్యలో పక్క రాష్ట్రంలో ఇడ్లీ అదనం.

సరే, మామ కోసం నేరుగా ఒక విమానం వేశారనుకుందాం. ఓర్వకల్లు ఉన్నది ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల, అదీ కడప పోయే రోడ్డు మీదే! అంటే కడప దారి పట్టి, దారిలో దిగి, బెల్టూ గడియారమూ ట్రేలో పెట్టి, సంచిలో మిరపకాయ ఊరగాయ ఎందుకు కుదరదో చెప్పించుకుని, గంటకు పైగా కూర్చోవాలి. మనతో పాటు కర్నూలు బస్టాండులో బయల్దేరిన ఆర్టీసీ బస్సు ఆలోగా నంద్యాలలో జనాన్ని ఎక్కించుకుంటూ ఉంటుంది. కడపలో దిగాక ఊళ్లోకి మళ్లీ ఆటో బేరం. అన్నీ కలిపితే కారులో పోయినవాడూ మనమూ కాస్త అటూ ఇటూగా ఒకే వేళకు మామ గడప తొక్కుతాం.

పొట్టి ప్రయాణాలకు విమానాలే ఉండవని కాదు. స్కాట్లాండుకు ఉత్తరాన ఓర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 1967 నుంచి విమానం నడుస్తోంది. దూరం 2.7 కిలోమీటర్లు, ప్రయాణం రెండు నిమిషాలు. గాలి కలిసొచ్చి ఒకసారి 53 సెకన్లలోనే దించేశారు. అయితే అక్కడ నడుమ సముద్రముంది. మనకున్నది 40వ నంబరు జాతీయ రహదారి. కుందూ నది ఎంత పొంగినా అంత సాయం చేయలేదు.

అందుకని కడప పోయేవాళ్లు నిశ్చింతగా బస్సెక్కండి. ఎడమవైపు కిటికీ సీటు పట్టుకుంటే దూరంగా నల్లమల కొండలు కనబడతాయి. పొద్దున బస్సయితే మాత్రం కుడివైపు కూర్చోండి, ఎండ కూడా ఎడమవైపే.