తానీషా వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా వారి సముఖానికి,
చీనీ మహల్, దౌలతాబాద్ కోట.

హైదరాబాదు నుంచి ఒక సామాన్యుడు చేసుకునే విన్నపం ఏమనగా:

తమరు గద్దె దిగి మూడు శతాబ్దాలు దాటింది, ఇప్పటి దొరలకే రాసుకోవచ్చు కదా అంటారేమో. ఇప్పుడు కోట ఒకరిది, దాని ముందు రోడ్డు ఒకరిది, ఆ రోడ్డు మీద బస్సు ఇంకొకరిది. తమరి రోజుల్లో అన్నీ ఒకే చేతిలో ఉండేవి.

మా నాయనమ్మ గోల్కొండ చూస్తానంటోంది. తమరి వైభవం మీద మోజుతో కాదు, క్షమించాలి; తమరు రామదాసును బంధించిన చెర చూడాలట. టికెట్టు మీద నాకు ఫిర్యాదు లేదు. మనిషికి పాతిక రూపాయలు, పదిహేనేళ్ళలోపు పిల్లలకు అదీ లేదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు కాబట్టి నాయనమ్మ ఊరి నుంచి పైసా ఖర్చు లేకుండా దిగుతుంది. అసలు కథ ఆ తర్వాతే. సిటీ బస్సు ఫుట్‌బోర్డు ఆమె మోకాళ్ళకు అందదు. ఆటో అంటే ఇంటిల్లిపాదికీ కొన్న టికెట్ల కంటే ఎక్కువ. 2025లో ప్రపంచ వారసత్వ దినమని ఒకరోజు ఉచిత ప్రవేశం ఇచ్చారు. ఏప్రిల్ 18న! ఆ ఎండలో నల్లరాతి మెట్లెక్కమని పిలవడానికి ఎంత పెద్ద మనసుండాలి!

ఆ మెట్లు మూడొందల అరవై అంటారు. తమరి పెద్దలు నీళ్ళనే ఆ కొండెక్కించారు. ఒక్క ఊపున కాదు: పర్షియన్ చక్రాలతో కింది తొట్టి నుంచి పై తొట్టికి, అక్కణ్ణుంచి ఇంకా పైకి, మట్టి గొట్టాల గుండా. ముసలివాళ్ళనూ అలాగే అంచెలంచెలుగా ఎక్కించవచ్చు. మలుపు మలుపుకీ ఒక నీడ, ఒక అరుగు, తాగడానికి నీళ్ళు చాలు. లిఫ్టు పెట్టమనడం లేదు. ఆ గోడలకు ఇనుప కమ్మీలు దించితే ముందు ఏడ్చేది నేనే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వచ్చిపోయే కట్టడాలు అందరికీ అందుబాటులో ఉండాలంది. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి శిఖరం చేరకపోయినా, ఎంతదాకా వెళ్ళగలడో ముందే తెలియాలి కదా.

ఎందుకంటే, ఎక్కలేనివాళ్ళకు కింద చూసేవి తక్కువేం కాదు. గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సారులో వినబడే ఆ చోటుంది, నగీనా బాగుంది, రాణీమహళ్ళున్నాయి. ఏది చదును నేల, మెట్లు ఎక్కడ మొదలు, రామదాసు చెర ఎంత ఎత్తున, మరుగుదొడ్డి ఎటు? ఇంతే, తెలుగులో, ఉర్దూలో, పెద్ద అక్షరాలతో, టికెట్టు కొనకముందు కనబడేలా ఒక బోర్డు.

1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు కాచుకున్నా ఈ కోట తలుపు తెరుచుకోలేదు. చివరికి లోపలివాడొకడు లంచం పుచ్చుకుని తీశాడు. ఫిరంగులున్న ఆయనకే అంత తిప్పలైతే, మా నాయనమ్మ దగ్గరున్నది చేతికర్ర.

తమరి ఖజానాకు రామదాసు పడ్డ బాకీని రాముడే వచ్చి కట్టి తమరి చేత చెల్లుచీటీ రాయించుకున్నాడని ఆమె నమ్మకం. చలికాలంలో ప్రయాణం పెట్టుకున్నాం. ఆ చెల్లుచీటీ రాసిన చేత్తోనే ఈ బోర్డు కూడా రాయించి పంపగలరు.

ఇట్లు,
చేతికర్ర పక్కన నడిచే మనవడు