మూడో తుపాను

1735 అక్టోబరు 14న గ్రేవ్సెండ్ రేవులో జాన్ వెస్లీ 'సిమ్మండ్స్' అనే ఓడ ఎక్కాడు. వయసు 32. ఆక్స్‌ఫర్డ్ లింకన్ కాలేజీలో ఫెలో, ఇంగ్లండ్ చర్చిలో అభిషేకం పొందిన గురువు. ప్రయాణం అమెరికాలోని జార్జియాకు, అక్కడి ఆదివాసులకు సువార్త చెప్పడానికి. డబ్బు కోసం కాదు, పేరు కోసం కాదు, తన ఆత్మ రక్షణ కోసమే వెళ్తున్నానని జర్నల్లో రాసుకున్నాడు.

ఓడలో కూడా దినచర్య తప్పలేదు. తెల్లవారుజామున 4కి లేవడం, 5 దాకా ఏకాంత ప్రార్థన, 7 దాకా బైబిలు. మాంసం, వైన్ మానేసి అన్నంతో, బిస్కెట్లతో సరిపెట్టుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో వెస్లీ, అతని మిత్రుల బృందానికి మెథడిస్టులని, అంటే పద్ధతి తప్పనివాళ్ళని, ఊరికే పేరు పెట్టలేదు. రాత్రి 9, 10 మధ్య పడక. సముద్రపు హోరు గానీ ఓడ ఊపు గానీ దేవుడిచ్చే నిద్రను చెడగొట్టలేకపోయాయని కూడా రాశాడు. అప్పటికి ఓడ ఇంకా ఇంగ్లండ్ తీరం వదల్లేదు. గాలి కలిసిరాక డిసెంబరు 10 దాకా అక్కడే ఉండిపోయింది.

ఓడలో 26 మంది జర్మన్లున్నారు. మొరేవియన్ అనే క్రైస్తవ సంఘస్థులు, ఆడవాళ్ళతో పిల్లలతో వలస వెళ్తున్నవాళ్ళు. తోటి ప్రయాణికులకు ఇంగ్లీషువాళ్ళెవరూ ముట్టుకోని చాకిరీ అంతా వీళ్ళే చేసేవారు. డబ్బులిస్తే పుచ్చుకునేవారు కాదు. రక్షకుడు తమకు ఇంతకన్నా ఎక్కువే చేశాడనేవారు. ఎవరైనా నెట్టినా కొట్టినా లేచి పక్కకు పోయేవారు. వీళ్ళతో మాట్లాడాలని వెస్లీ రోజూ ఉదయం కూర్చుని జర్మన్ నేర్చుకున్నాడు.

జనవరిలో తుపాన్లు పట్టుకున్నాయి. 17వ తేదీ రాత్రి కెరటం కేబిన్ కిటికీలు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చింది. బీరువా ఒకటి అడ్డం ఉండబట్టి వెస్లీ మీద ఆ దెబ్బ నేరుగా పడలేదు. తడిసి పడుకున్నాడు. తెల్లారి బతికి లేస్తానో లేదో అనుకున్నాడు. చావడానికి మనసొప్పనందుకు సిగ్గుపడ్డాడు. 23న రెండో తుపాను. నీకు విశ్వాసం ఎందుకు లేదని ఈసారి తనను తానే నిలదీసుకున్నాడు. ఇవన్నీ దాచకుండా రాసుకున్నాడు. ఆ నిజాయితీకి వంక పెట్టలేం.

25 ఆదివారం. మధ్యాహ్నం నుంచి మూడోది మొదలైంది. ముందు రెండూ దీని ముందు లెక్కలోకి రావు. సాయంత్రం 7కి వెస్లీ జర్మన్ల ఆరాధనకు వెళ్ళాడు.

కీర్తన ఎత్తుకున్నారు. అది సగంలో ఉండగా సముద్రం ఓడ మీద విరుచుకుపడింది. పెద్ద తెరచాప పేలికలైంది. ఓడ మొత్తాన్ని నీళ్ళు కప్పేశాయి. అంతస్తుల మధ్యలోకి నీళ్ళు దూకాయి. ఇంగ్లీషువాళ్ళు కేకలు పెట్టారు. దీపాలు ఆరాయో లేదో, పిల్లలు ఎవరి ఒళ్ళో ఉన్నారో జర్నల్లో లేదు. ఉన్నది ఒకటే: జర్మన్లు తలెత్తి చూశారు, కీర్తన ఆపలేదు. ప్రశాంతంగా పాడుతూనే ఉన్నారు.

ఆరాధన అయ్యాక వెస్లీ వాళ్ళలో ఒకణ్ణి పట్టుకుని, భయం వేయలేదా అని అడిగాడు. దేవుడి దయవల్ల లేదన్నాడతను. మరి మీ ఆడవాళ్ళకు, పిల్లలకు? వాళ్ళకూ చావంటే భయం లేదన్నాడు. అంతకు మించి అతనేమీ చెప్పలేదు. చెప్పాల్సింది ఇంకేమైనా ఉందనీ అనుకున్నట్టు లేదు.

వెస్లీ అక్కడి నుంచి లేచి నేరుగా ఇంగ్లీషువాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళింకా ఏడుస్తున్నారు, వణుకుతున్నారు. శ్రమ వచ్చినప్పుడు దేవుడి మీద భయభక్తులున్నవాడికీ లేనివాడికీ ఉండే తేడా ఏమిటో వాళ్ళకు బోధించాడు.

ఉన్నవాడి సంగతి అప్పుడే జర్మన్‌ని అడిగి తెలుసుకొచ్చాడు. లేనివాడి సంగతి ఎవరినీ అడగనక్కర్లేకపోయింది.