బంగారం చూపించకండి: ఇబ్రహీంపట్నంలో కౌబాయ్ సినిమా తీయబోయేవారికి

కథ ముందు రాయకండి. ముందు గుండు చూసుకోండి.

ఇబ్రహీంపట్నం నుంచి మంచాల వైపు, అటునుంచి రాచకొండ గుట్టల దాకా బైకు మీద ఒక వారం తిరగండి. ఏ గుండు వెనక ఇద్దరు దాక్కోవచ్చు, ఏ రెండు గుండ్ల సందులో ఒక్క గుర్రమే పడుతుంది, సాయంత్రం ఐదింటికి దేని నీడ దేని మీద వాలుతుంది, అన్నీ నోటుబుక్కులో రాసుకోండి. ఆ నోటుబుక్కే మీ స్క్రిప్టు. ఎవర్నడిగినా ముందు కథ, ఆ తర్వాతే లొకేషన్ అంటారు. లక్షన్నర, రెండు లక్షలతో సినిమా తీసేవాడికి ఆ వరస పనికిరాదు. కొండచరియ విరిగి దొంగల మీద పడుతుందని రాసేసుకున్నాక దాన్ని విరగ్గొట్టేదెవరు? గుండును చూసి రాస్తే ఉన్నదే రాస్తారు.

బడ్ బోటికర్ అనే అమెరికన్ దర్శకుడు 1956లో ‘సెవెన్ మెన్ ఫ్రమ్ నౌ’ తీశాడు. ఏడుగురు దొంగలు, దోచిన బంగారం, వాళ్లను ఒక్కొక్కర్నీ వెతుక్కుంటూ పోయే ఒంటరి మనిషిగా రాండాల్ఫ్ స్కాట్. కథ బర్ట్ కెన్నెడీది. సినిమా మొత్తం 80 నిమిషాలు కూడా లేదు. కాలిఫోర్నియాలో లోన్ పైన్ అనే చిన్న ఊరి పక్కన అలబామా హిల్స్ అనే గుట్టలున్నాయి, అక్కడ తీశారు. అందులోంచి ఒక స్టిల్ తీసి మావాళ్లకు చూపిస్తే మంచాల దగ్గరిదని ఒకరు, కాదు రాచకొండ దారి అని ఇంకొకరు వాదించుకున్నారు. అవే గుండ్రటి రాళ్లు, అదే ఎండుగడ్డి. 1959లో ‘రైడ్ లోన్‌సమ్’, 1960లో ‘కమాంచీ స్టేషన్’ తీసినప్పుడూ బోటికర్ మళ్లీ ఆ రాళ్ల దగ్గరికే వెళ్లాడు. హీరో ఆ స్కాటే, రచయిత ఆ కెన్నెడీయే, రాళ్లూ అవే. ఒక్కచోటే మూడు సినిమాలు తీయడం దరిద్రం అనుకోకండి. మొదటి సినిమాలో రాయి రాయే. మూడో సినిమాకి అది పాత్ర అవుతుంది.

తొందరపడమనడానికి నా దగ్గర ఇంకో కారణం ఉంది. ఈ గుండ్లకు దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసు. నేను చిన్నప్పుడు ఎక్కి జారిన వాటిలో నాలుగు ఇప్పుడు లేవు. రెండు క్రషర్‌లో కంకరైపోయాయి, రెండు వెంచర్‌కి అడ్డమని పగిలాయి. మీ కథ రెండేళ్లు ఆగగలదేమో, గుట్ట ఆగదు. చేతిలో ఉన్నది మొబైల్ కెమెరా అయినా సరే, ఈ ఎండాకాలమే వెళ్లి తీయండి.

పక్కనే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది కదా అంటారు. 1996లో కట్టారు, 1,666 ఎకరాలు, ప్రపంచంలోనే అతిపెద్ద స్టూడియోగా గిన్నిస్‌కెక్కింది. దాని గొప్పతనం దానిదే. కౌబాయ్ సినిమాకి మాత్రం అటు వెళ్లకండి. అక్కడ అన్నీ దొరుకుతాయి. మనకి కావాల్సింది దొరకనితనం. నీళ్లు లేక, నీడ లేక, తోడు లేక మనిషి ఎలా తయారవుతాడో చూపించే సినిమా ఇది. క్యాంటీన్ పక్కనే ఉన్న ఎడారి ముఖంలో తెలిసిపోతుంది.

షూటింగ్ మిట్టమధ్యాహ్నమే పెట్టుకోండి. కెమెరామన్ ఒప్పుకోడు. కళ్ల కింద గుంటలు పడతాయి, నుదురు కాలిపోయినట్టు వస్తుంది, పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత తీద్దాం అంటాడు. ఆ గుంటలే మనకి కావాలి. రిఫ్లెక్టర్లు, థర్మోకోల్ షీట్లు తీసుకెళ్లకండి, అద్దె మిగులుతుంది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఎండిన ఏడాది దొరికితే ఇక దేవుడిచ్చినట్టే. ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద వెలిసిన ఊరు, ఆ కాలం నాటి చెరువు. నీళ్లు లేనప్పుడు దాని నడుమ నిలబడితే నాలుగు దిక్కులా పగిలిన నల్లమట్టే. ఇలాంటి ఎడారి కోసమే 1971లో హీరో కృష్ణ, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ ‘మోసగాళ్లకు మోసగాడు’ కోసం యూనిట్‌నంతా రాజస్థాన్ ఎడారికి తీసుకెళ్లారు. ఆ సాహసానికి నేను ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను. ‘మెకన్నాస్ గోల్డ్’ చూసి మనమూ తీయగలం అనుకున్న మనుషులు వాళ్లు. వాళ్ల సినిమా ఆ ఏడాది ఆగస్టు 27న విడుదలైంది, ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకీ వెళ్లింది. 2023 మే 31న, కృష్ణ పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజున, కొత్తగా 4కెలో మళ్లీ వేస్తే వెళ్లాను. నా వరసలో ఒక పెద్దాయన చెప్పులు విప్పి కూర్చున్నాడు.

ఆ సినిమా నుంచి ఎత్తుకోవాల్సింది టోపీ కాదు. కథ, మాటలు ఆరుద్ర చేత రాయించారు, అది ఎత్తుకోండి. ‘త్వమేవాహం’ రాసిన కవి, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ తలకెత్తుకున్న పండితుడు దొంగల కథ రాశాడు! బ్రిటిష్ కాలం, సంస్థానం నిధి, నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న. ఆ పేరు చాలు, మనిషెలాంటివాడో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి మీ మాటలు సినిమా రచయిత చేత రాయించకండి. పద్యమో పాటో కట్టేవాణ్ని పట్టుకోండి. ఊళ్లో ఒగ్గుకథ చెప్పేవాళ్లుంటే ఇంకా మంచిది. రాసిందంతా తీసుకుని, అందులో పేర్లూ తిట్లూ మాత్రం ఉంచుకుని మిగతాది కొట్టేయండి. దొంగలు ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడరు.

టోపీ గురించి కూడా తేల్చేద్దాం. కొనకండి. లెదర్ జాకెట్టు అసలొద్దు. సెర్జియో లియోనీ సినిమాల్లో క్లింట్ ఈస్ట్‌వుడ్ భుజాల మీద కప్పుకున్నదేమిటి? గొర్రెల కాపరి కప్పుకునేలాంటి దుప్పటే. మనకి గొంగడి ఉంది. దక్కన్ నల్ల గొర్రె ఉన్ని, కురుమలు నేసింది, వానకి గొడుగు, చలికి కంబళి, రాత్రికి పరుపు. మే నెలలో గొంగడి కప్పుకుని నటించడం కష్టమే. కప్పించండి. అది భుజం మీద ఉంటే నడక తనంతట తానే మారిపోతుంది, మనిషి బరువుగా, ఆగి ఆగి అడుగేస్తాడు. ఎంత రిహార్సల్ చేసినా ఆ నడక రాదు.

గుర్రానికి సినిమా గుర్రాల వాళ్ల దగ్గరికి వెళ్లకండి. బరాత్ గుర్రాన్ని మాట్లాడుకోండి, ఒక్కటే. అది జనానికి, పటాసులకి, లైట్లకి అలవాటు పడింది. తుపాకి చప్పుడుకి బెదరదు. పరిగెత్తదు, నిజమే. అందుకే పరుగు రాయకండి. మేం తీసిన సినిమాకి దొరికిన తెల్లగుర్రం ఎవరి ఫోనో మోగి బ్యాండు పాట వినిపించగానే ముందుకాళ్లు మార్చి మార్చి వేసి మెడ తిప్పేది. దొంగ నిధి వైపు వెళ్లాలంటే గుర్రం వెళ్లనంటున్నట్టు కనిపించింది. ఆ షాట్ కోసం మూడుసార్లు మేమే ఫోన్ మోగించాం. నలుగురు దొంగలకి ఒక్క గుర్రం ఉంటే గొడవకి వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు కూడా.

ఇక బంగారం. ఇక్కడే అందరూ డబ్బు పోసేది, ఇక్కడే అందరూ పోగొట్టుకునేది.

నేనూ పోగొట్టుకున్నాను. పదేళ్ల కిందట మేం ఆరుగురం కలిసి 40 నిమిషాల సినిమా తీశాం. మొత్తం ఖర్చు లక్షా ఎనభై వేలు. అందులో పాతిక వేలు ఒక ప్రాపర్టీల షాపువాడికిచ్చి బంగారు కడ్డీలు చేయించాం. తెరమీద చూస్తే బట్టల సబ్బుల్లా ఉన్నాయి. ఎడిటింగ్‌లో ఒక్కొక్కటే తీసేస్తూ పోయాం. తీసేసినకొద్దీ సినిమా బాగుపడింది. చివరికి పెట్టె మూత తెరిచే షాట్ కూడా పోయింది. మూత తెరిచినవాడి ముఖం ఒక్కటే మిగిలింది. అది చాలు. చూసేవాళ్లలో ప్రతివాడూ తనకి తెలిసినంత బంగారం ఆ పెట్టెలో వేసుకుంటాడు. మీ పాతిక వేలు అంత బంగారం కొనలేవు.

చూపించకండి కానీ, మోయించండి. బంగారం నీటికన్నా 19 రెట్లకు పైగా బరువు. మూడు లీటర్ల పాలక్యాను నిండా బంగారం ఉందనుకోండి, 58 కిలోలు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగు లోతున్న ట్రంకుపెట్టె నిండా ఉంటే టన్నున్నర దాటుతుంది. మన సినిమాల్లో దాన్ని ఇద్దరు పట్టుకుని పరిగెడతారు! ‘సెవెన్ మెన్ ఫ్రమ్ నౌ’లో పోయింది 20,000 డాలర్ల బంగారం. ఆ కాలంలో ఔన్సు ధర 20 డాలర్ల 67 సెంట్లు. లెక్కకడితే 30 కిలోలు, అంటే ఇటుకంత. ఒక్క ఇటుక కోసం అంతమంది చస్తారు. అదే 1966 నాటి ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో సమాధిలోంచి తీసేది రెండు లక్షల డాలర్లు, ఆ లెక్కన 300 కిలోలు. సగం వాటా గుర్రం మీద వేసుకుని హీరో వెళ్లిపోతుంటే నాకు బాధ ఆ గుర్రం గురించే.

అందుకే మీ పెట్టె చిన్నదిగా ఉండాలి. పాలక్యాను తీసుకోండి, టిఫిన్ డబ్బా అయినా సరే. చిన్న ఇనప పెట్టె చేయించినా సరే. అడుగున సీసం, పైన కంకర దట్టించండి. ప్రొడక్షన్ చూసుకునేవాడు ఖాళీ పెట్టె ఇచ్చి ‘బరువున్నట్టు నటించన్నా’ అంటాడు. వినకండి. బరువు నటించడం ఎవరి వల్లా కాదు. మణికట్టు నరం, మెడ దగ్గర చెమట, పెట్టె కింద పెట్టాక వేళ్లు తెరుచుకోకపోవడం, ఇవన్నీ బరువే చేయించాలి. ‘ది ట్రెజర్ ఆఫ్ ది సియెర్రా మాద్రె’లో బంగారం ఇసుకలా ఉంటుంది, దోచుకున్నవాళ్లు దాన్ని ఇసుకే అనుకుని పారబోస్తే గాలికి పోతుంది. ఆ గాలిలో ఎంత దుఃఖం ఉందో చూడండి! అందులో ఖర్చెంత? ధూళి.

తవ్వే సీను రాచకొండ కోటలో పెట్టకండి. రేచర్ల పద్మనాయకుల రాజధాని అది, ఇప్పటికే నిధుల పిచ్చోళ్లు పాత కట్టడాల్ని పొడిచిపెట్టారు. నిజంగా ఏదైనా దొరికినా, 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే. సొంత చెలకలో తవ్వండి. డమ్మీ తుపాకులున్నాయని ముందురోజే పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇవ్వండి. మిగతా ఎవరికీ ఏమీ చెప్పకండి, మేం చెప్పి చెడ్డాం.

మేం ఒక మిత్రుడి చెలకలో, వేపచెట్టు పక్కన, మోకాలి లోతు గొయ్యి తవ్వాం. పొద్దుగూకే సరికి గట్టు మీద పాతికమంది. ‘ఏం తవ్వుతున్నరు?’ అని ఒకాయన అడిగాడు. సినిమా అన్నాం. కెమెరా చూపించాం, గుర్రాన్ని చూపించాం. ఆయన తల ఊపాడు. ‘అవునవును, అట్లనే చెప్పాలె’ అని పక్కవాడితో నెమ్మదిగా అన్నాడు. చీకటి పడ్డాక సామాను సర్దుకుని పట్నం వచ్చేశాం.

తెల్లారి వెళ్లేసరికి గొయ్యి నడుముకొచ్చింది. అడుగున సగం కోసిన నిమ్మకాయ, పసుపు, కుంకుమ. పక్కన మాది కాని ఒక ప్లాస్టిక్ చెప్పు. నిన్నటి షాట్‌కీ దీనికీ కంటిన్యుటీ కుదరదని అసిస్టెంటు గొణిగాడు. మేం మట్టి పూడ్చలేదు. నిమ్మకాయా తీయలేదు. మా దొంగ వేషం వేసింది సాగర్ రోడ్డు మీద ఆటో నడిపే కుర్రాడు. ఏమీ చెప్పకుండా అతణ్ని గొయ్యి అంచుకి తీసుకెళ్లి, లోపలికి చూడమని కెమెరా ఆన్ చేశాం.