పశువైద్య సదస్సు వక్త: జాతి, లక్షణాలు

పశువైద్య సదస్సులో మాట్లాడే నిపుణుడి కన్నా ముందు ఆయన బయోడేటా వస్తుంది. సదస్సు ఇంకో వారం ఉందనగా నిర్వాహకుడు వాట్సాప్‌లో 'సార్, తమ బయోడేటా పంపండి, రెండు ముక్కలు చాలు' అని అడుగుతాడు. నాలుగు పేజీలు వస్తాయి. దాన్ని వక్త తానే రాసుకుంటాడు గానీ, తనను చిన్నప్పటి నుంచి చూస్తున్న ఊరి పెద్ద ఎవరో రాసినట్టు రాసుకుంటాడు. 'వీరు మిక్కిలి నిరాడంబరులు' అన్న వాక్యం కూడా స్వహస్తాలతో రాసిందే.

ఈ జాతిని పరిశీలించడానికి మదనపల్లె చుట్టుపక్కల ప్రాంతం చాలా అనువైనది. వాల్మీకిపురం నుంచి పుంగనూరు దాకా, అక్కడి నుంచి కుప్పం దాకా ఏ పల్లెకు వెళ్ళినా ఇంటి ముందు ఒకటో రెండో జెర్సీ ఆవులు కట్టేసి ఉంటాయి. టమోటాకు ధర పలికినా పలకకపోయినా పాల బిల్లు మాత్రం ఠంచనుగా వస్తుంది కాబట్టి ఇక్కడి రైతు ఆవును నమ్ముకున్నాడు. ఆవులున్న చోట డాక్టర్లు, డాక్టర్లున్న చోట సదస్సులు. తూర్పున తిరుపతిలో పశువైద్య కళాశాల, నడుమ పలమనేరులో పశు పరిశోధనా స్థానం, పడమట బెంగళూరు ఉన్నందువల్ల వక్తలు మూడు వైపుల నుంచీ దిగుమతి అవుతారు. కుప్పంలో సభ పెడితే తమిళం, కన్నడం కూడా వేదిక ఎక్కుతాయి. ఆ మూలన మూడు రాష్ట్రాలు కలుస్తాయి మరి.

బయోడేటా మొదటి వాక్యం అందరిదీ ఒకటే: 'సామాన్య రైతు కుటుంబంలో జన్మించి'. అది చాలావరకు నిజం కూడా. రెండో వాక్యం 'మూగజీవాల మీద మక్కువతో పశువైద్య వృత్తిని ఎంచుకుని' అని ఉంటుంది. ఈ రెండు వాక్యాల నడుమ ఒక ఎంసెట్ ర్యాంకు దాగి ఉంటుంది. ఇంకో కొన్ని మార్కులు వచ్చి ఉంటే వక్తగారు ఈపాటికి మనుషుల నాడి చూస్తూ ఉండేవారన్న సంగతి హాల్లో సగం మందికి తెలుసు. మిగతా సగం మందిదీ అదే కథ. అందుకే ఎవరూ ఎత్తరు.

తర్వాత చదువు. ఆవు వయసు పళ్ళు చూసి చెప్పినట్టు, తిరుపతి కళాశాలలో చదివిన వక్త వయసు అతని డిగ్రీ మీదున్న యూనివర్సిటీ పేరు చూసి చెప్పవచ్చు. ఆ కళాశాల 1955లో పుట్టింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం (ఎ.పి.ఎ.యు.) వచ్చాక దాని గొడుగు కిందికి చేరింది. 1990 దశకంలో ఆ విశ్వవిద్యాలయం ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టుకుంది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం విడిగా ఏర్పడింది. కాబట్టి ఉత్త 'ఎ.పి.ఎ.యు.' అని రాసుకున్నవాడు కడపళ్ళు వేసి చాలాకాలమైనవాడు, రంగా పేరు రాసుకున్నవాడు నడివయసువాడు, వేంకటేశ్వరుడి పేరు రాసుకున్నవాడికి ఇంకా రెండు పళ్ళే. మరీ పాత తరం వక్త అయితే తన గురువులంతా 1903 నాటి మద్రాసు పశువైద్య కళాశాలలో చదివినవారని గుర్తుచేస్తాడు. తాను మద్రాసు వెళ్ళలేకపోయిన లోటు అలా తీరుతుంది.

గోల్డ్ మెడళ్ళు, పరిశోధనా పత్రాలు, జీవిత సభ్యత్వాలు వరసగా వస్తాయి. వీటి దగ్గర ఆగనక్కర్లేదు, చదివేవాడు కూడా ఆగడు. విదేశీ పర్యటనలు మాత్రం నిదానంగా, ఒత్తి పలకాలి. పాడి నిపుణుడైతే ఇజ్రాయెల్ తప్పనిసరి, నెదర్లాండ్స్ అదనపు గౌరవం. అక్కడి ఆవు ఎన్ని లీటర్లు ఇస్తుందో చెప్పి, ఇక్కడి ఆవు ఎందుకివ్వదో చెప్పకుండా కూర్చోవడం ఈ పర్యటనల ఫలితం.

చివరి వాక్యంలో దేశాచారం బయటపడుతుంది. అమెరికాలో ఇలాంటి సదస్సుల్లో మాట్లాడే స్పెషలిస్టు ఇంటర్న్‌షిప్, రెసిడెన్సీ, బోర్డు పరీక్ష అన్నీ గట్టెక్కినవాడు. అయినా అతని పరిచయం ఇంట్లో ఎన్ని పిల్లులున్నాయో, ముసలి కుక్క పేరేమిటో చెప్పి ముగుస్తుంది. మన వక్త బయోడేటా ధర్మపత్ని దగ్గర, సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిన పిల్లల దగ్గర ముగుస్తుంది. ఇంట్లో పశువు ఉన్నా దాని ఊసు ఉండదు.

ఇక ఉపజాతులు. వేదిక మధ్య కుర్చీ ప్రొఫెసర్‌ది. ఆయన తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్, పీలేరు మీదుగా వస్తాడు. ఆలస్యమైతే ఘాట్‌లో అడ్డంగా నిలిచిపోయిన లారీని చెబుతాడు, లారీ లేని రోజున కూడా. ఆయన దగ్గర తొంభై స్లైడ్లుంటాయి, ఇచ్చిన సమయం ముప్పావు గంట. మొదటి ఇరవై స్లైడ్లు ఆవు అంటే ఏమిటో చెబుతాయి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు తెల్లవారుజామున ఏదో ఒక ఆవు కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి వచ్చినవాళ్ళే అయినా, ఓపికగా వింటారు. ప్రొఫెసర్‌లో ఒక మంచి గుణం ఉంది. తెలియని ప్రశ్న వస్తే 'ఇది చాలా మంచి ప్రశ్న' అంటాడు. అబద్ధం చెప్పడు.

రెండో ఉపజాతి విశ్రాంత జాయింట్ డైరెక్టర్. ఈయన పరిచయం పని చేసిన ఊళ్ళ జాబితా. వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా ఎక్కడ చేరాడు, అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఎక్కడికి బదిలీ అయ్యాడు, ఆ బదిలీ వెనక ఎవరున్నారు అనేదంతా క్రమం తప్పకుండా వస్తుంది. ఇచ్చిన అంశం ఏదైనా ఆయన రిండర్‌పెస్ట్ అనే పశువుల జబ్బు దగ్గరికే చేరతాడు. భారతదేశం 2006లో ఆ జబ్బు నుంచి విముక్తమైందని గుర్తింపు పొందింది, 2011లో ప్రపంచమంతా పొందింది. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో జబ్బు అది. ఊరూరా సైకిలు మీద ఐస్‌బాక్సు కట్టుకుని తిరిగి టీకాలు వేసిన తరం తనదని ఆయన చెప్పేటప్పుడు హాలు నిజంగానే నిశ్శబ్దమవుతుంది. ఆ గౌరవం దక్కాల్సిందే. అయితే అదే ఊపులో గాలికుంటు కూడా తన హయాంలోనే సగం పోయిందని అంటాడు. అక్కడ వెనక వరసలో దగ్గులు మొదలవుతాయి.

కంపెనీ నిపుణుడిది వేరే తీరు. అతనూ డాక్టరే, క్లాసులో ఫస్టు వచ్చినవాడే. ఖనిజ లవణ మిశ్రమం గురించి గంటసేపు మాట్లాడినా కంపెనీ పేరు ఎక్కడా ఉచ్చరించడు. అది జేబు మీద కుట్టి ఉంటుంది, ఫ్లెక్సీ మీద, పెన్నుల మీద, నోటుపుస్తకం అట్ట మీద, చేతిసంచి మీద కూడా ఉంటుంది. మధ్యాహ్నం బిర్యానీ అతని ఖర్చే కాబట్టి అతని ప్రసంగం భోజనానికి సరిగ్గా ముందు పెడతారు. ఆ సమయంలో ఎవరూ లేచిపోరు.

బెంగళూరు నుంచి వచ్చే పెంపుడు జంతువుల డాక్టరు నింపాదిగా ఉంటాడు. గోల్డెన్ రిట్రీవర్ తుంటి ఎముక ఎక్స్‌రే, పిల్లి పళ్ళు శుభ్రం చేసే యంత్రం, కుక్క గుండెకు అల్ట్రాసౌండ్ చూపిస్తాడు. శ్రోతల్లో ఎక్కువమంది ఇటీవల చూసిన కుక్క ఎవరినో కరిచి వచ్చినదే. అయినా అందరూ శ్రద్ధగా ముందుకు వంగుతారు. ప్రశ్నల సమయంలో ఒకే ప్రశ్న పలు రూపాల్లో వస్తుంది: 'దీనికి ఫీజు ఎంత తీసుకుంటారు సార్?' జవాబు విన్నాక కాసేపు ఎవరూ మాట్లాడరు.

పుంగనూరు ఆవు నిపుణుడు స్థానిక ప్రత్యేకత. డెబ్బై నుంచి తొంభై సెంటీమీటర్ల ఎత్తు, మామూలు ఆవు పాలలో మూడు, నాలుగు శాతం వెన్న ఉంటే ఇందులో ఎనిమిది దాకా అని అంకెలు గడగడ చెబుతాడు. ఏళ్ళ తరబడి ఆ జాతి అంతరించిపోతోందని మొత్తుకుంటే వినడానికి వచ్చింది పాతికమందే. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు బయటికి వచ్చాక ఆయనకు ఊపిరి ఆడటంలేదు. సినిమావాళ్ళు, రియల్ ఎస్టేటువాళ్ళు, అపార్టుమెంటు బాల్కనీ కొలతలు చెప్పేవాళ్ళు ఫోన్లు చేస్తారు. ఆయన స్లైడ్లన్నిటిలో ఒక ఫొటో తప్పక ఉంటుంది: ఆవు పక్కన నిలబడ్డ ఆయన. ఆవు ఆయన నడుము దాకానే వస్తుంది, ఆయన ఆజానుబాహువులా కనిపిస్తాడు. మరే జాతిలో పరిశోధన చేసినా ఈ సౌకర్యం దక్కదు.

మహిళా నిపుణులు ఇప్పుడు బాగా పెరిగారు, గైనకాలజీలో ముఖ్యంగా. ఫ్లెక్సీ మీద పేరు ముందు 'శ్రీ' అని వేసి, తప్పు తెలిశాక పెన్నుతో 'మతి' చేర్చడం నిర్వాహకుల సత్కారం. పరిచయకర్త ఆమె భర్తగారి ఉద్యోగం గురించి రెండు నిమిషాలు మాట్లాడాక ఆమె మైకు తీసుకుని నేరుగా మాయ పడని ఆవు దగ్గర మొదలుపెడుతుంది. ఆ రోజు మొత్తంలో సమయానికి ముగిసే ప్రసంగం అదొక్కటే.

ఫ్లెక్సీ అడుగున, స్వాగతం అన్న మాట పక్కన, చిన్న ఫొటోలో ఉండేవాడు స్థానిక పశువైద్యశాల డాక్టరు. కుర్చీలు తెప్పించిందీ, ప్రొజెక్టరు అరువు తెచ్చిందీ, జ్యోతి ప్రజ్వలనకు అగ్గిపెట్టె వెతికిందీ ఈయనే. బయోడేటా మూడు లైన్లు. పరిచయకర్త ఆ మూడు లైన్లనూ 'మనందరికీ తెలిసినవారే' అని ఒక లైను చేస్తాడు. భోజనం తర్వాత, కళ్ళు మూతలు పడే వేళ, 'క్షేత్ర అనుభవాలు' అన్న పేరుతో ఈయనకు పది నిమిషాలు ఇస్తారు.

ఆ పది నిమిషాలూ కాస్త వివరంగా చూడదగినవి. పొద్దున ప్రొఫెసర్ పాలజ్వరం మీద మాట్లాడి ఉంటాడు. ఈనిన కొత్తలో ఆవు రక్తంలో కాల్షియం ఎందుకు పడిపోతుంది, పారాథైరాయిడ్ హార్మోను ఎందుకు సమయానికి అందుకోదు, చూడి చివరి వారాల్లో మేత ఎలా మార్చాలి అన్నది అంతా సరిగ్గానే చెప్పాడు. వెనక వరసలో కొత్తగా చేరిన ఒక కుర్ర డాక్టరు లేచి స్థానిక డాక్టరును అడుగుతాడు: 'సార్, రాత్రి ఒంటిగంటకు పిలుస్తారు. ఆవు మెడ పక్కకు తిప్పుకుని కూలబడి ఉంటుంది, చెవులు చల్లగా ఉంటాయి. బాటిల్ ఎక్కిస్తే లేస్తుంది. మర్నాడు మళ్ళీ కూలబడుతుంది. ఏం చేసేది?'

డాక్టరు స్లైడు వెయ్యడు. టేబుల్ మీదున్న నీళ్ళ బాటిల్‌ను తలకిందులుగా పట్టుకుంటాడు. కాల్షియం బాటిల్‌ను ముందు గోరువెచ్చని నీళ్ళలో పెట్టాలి. ఇంటి ఇల్లాలిని అడిగితే రెండు నిమిషాల్లో కాచి ఇస్తుంది. నరానికి ఎక్కించేటప్పుడు ఒక చేత్తో బాటిల్ కిందికీ పైకీ జరుపుతూ ధారను అదుపు చేయాలి, రెండో చేత్తో స్టెతస్కోపు గుండె మీద పెట్టి వింటూ ఉండాలి. కొట్టుకోవడం తడబడిందా, ధార ఆపెయ్యాలి. తొందరపడితే కాల్షియమే గుండెను ఆపుతుంది. కొంత మిగిల్చి చర్మం కిందికి ఎక్కించాలి. ఒకటి రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండొద్దని చెప్పాలి. 'ఈ ఆఖరి మాట రైతుకు చెప్పొద్దు, పాలు పిండే ఆయమ్మకు చెప్పండి' అంటాడు. కంపెనీ ఇచ్చిన నోటుపుస్తకాలు అప్పుడు తెరుచుకుంటాయి. ప్రొఫెసర్ కూడా రాసుకుంటాడు, కాకపోతే బయోడేటా వెనక పేజీ మీద.

టీ దగ్గర అసలు నేపథ్యాలు బయటికి వస్తాయి. గైనకాలజీ చెప్పే ఇంకో ప్రొఫెసర్ కప్పు కుడిచేత్తోనే పట్టుకుంటాడు. ఏళ్ళ తరబడి చూడి పరీక్షలు చేసి ఎడమ భుజం పైకి లేవదు. జాయింట్ డైరెక్టర్‌కు ఒక కోడె తన్నిన మోకాలు, ఆ కోడె యజమాని పేరుతో సహా గుర్తుంది. కంపెనీ నిపుణుడు తాను సర్కారు ఉద్యోగం ఎందుకు వదిలాడో చెబుతాడు. అమెరికా వెళ్ళి వచ్చిన ఒకాయన అక్కడి పరీక్షలో మొదటిసారి తప్పానని గొంతు తగ్గించి చెబుతాడు. పుంగనూరు నిపుణుడి ఇంట్లో ఉన్నది జెర్సీ ఆవని తేలుతుంది. పాలు చాలవు కదా అంటాడు ఆయన, ఏమాత్రం సిగ్గుపడకుండా.

సాయంత్రం సర్టిఫికెట్లు, శాలువాలు, వేంకటేశ్వరస్వామి పటాలు. ఈ పటాలు పెట్టడానికి వక్తల ఇళ్ళల్లో గోడలు చాలవు. టి.ఏ. బిల్లు మీద సంతకాలయ్యాక ప్రొఫెసర్ కారు వెనక సీట్లో ఎవరో మదనపల్లె టమోటా పెట్టె ఒకటి పెడతారు. వందన సమర్పణ ఇంకా నడుస్తుండగానే ఆయన బయలుదేరతాడు. స్థానిక డాక్టరు లేవడానికి వీల్లేదు. వందన సమర్పణ చేస్తున్నది ఆయనే.

కారు వాల్మీకిపురం దాటేసరికి ప్రొఫెసర్ ఫోను మోగుతుంది. ఫ్లెక్సీ మీద నంబరు చూసి చేసిన రైతు.

'సార్, మా ఆవు పొద్దున్నించి నొప్పులు పడతాండాది. దూడ కాలు ఒగటే కనపడతాండాది. ఏం జేసేది సార్?'

ప్రొఫెసర్ మేత విశ్లేషణలో పీహెచ్.డి. చేసినవాడు. కారు పక్కకు ఆపించి, లాగొద్దని, ఆవును కదిలించొద్దని గట్టిగా చెప్పి, నోటుపుస్తకం తీసి స్థానిక డాక్టరు నంబరు ఒక్కొక్క అంకే చదువుతాడు.

'ఆ నంబరు మాకాడ ఉండాది సార్' అంటాడు రైతు. 'గంట నుంచి చేస్తాండాము. ఆయప్ప ఎత్తేదిలేదు. మీ మీటింగులోనే ఉండాడంట.'