బీడీ సంవత్సరీకానికి ఆహ్వానం
వస్తు, సేవల పన్ను మండలికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ వస్తు, సేవల పన్ను మండలి అధ్యక్షులవారి దివ్య సముఖమునకు,

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలలో బీడీ మానినవారి పక్షాన సవినయంగా సమర్పించు మనవి.

విషయం: ఖజానాకు వాటిల్లిన నష్టమును, ఆ నష్టానికి జరుపుకొంటున్న పండుగను ఎరుకపరచుట.

రాజ్యాంగంలోని 279ఎ అధికరణం కింద ఏర్పడి, దేశంలో ఏ వస్తువుపై ఎంత పన్ను ఉండాలో సిఫారసు చేసే మండలివారికి, ఆ పన్నును నిప్పంటించి మరీ చెల్లించిన ఒక తరగతి ప్రజలు ఉన్నారన్న సంగతి తెలియనిది కాదు. రిటర్నులు దాఖలు చేయకపోయినా, పొద్దున టీ తర్వాత ఒకటి, మధ్యాహ్నం సంగటి తర్వాత ఒకటి, రాత్రి అరుగు మీద ఒకటి చొప్పున ఏళ్ల తరబడి బకాయి లేకుండా చెల్లిస్తూ వచ్చిన ఈ విధేయులలో కొందరు, ముందస్తు నోటీసు ఇవ్వకుండా చెల్లింపు ఆపివేసి, ఆపి ఏడాది నిండినందుకు ఇప్పుడు సంతోషిస్తున్నారు. ఖజానాకు కలిగిన ఈ నష్టానికి క్షమాపణ చెప్పుకోవడం మర్యాద గనుక ముందుగా ఆ పని పూర్తి చేయడమైనది. ఇక మిగిలింది మానినవాడెవడు, మానడమంటే ఏమిటి, అందులో మండలివారి పాత్ర ఎంత అన్న వివరణ మాత్రమే.

బీడీ అంటే తునికాకులో పొగాకు తురుమును చుట్టి దారంతో బిగించిన చౌక సరుకు. 2016–17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం భారతదేశంలో పదిహేనేళ్లు, అంతకు పైబడినవారిలో 7.7 శాతం మంది బీడీ తాగుతుండగా, సిగరెట్టు తాగేవారు 4 శాతమే కనుక, దేశంలో పొగ అంటే ప్రధానంగా బీడీ పొగే. బేతంచెర్లలో నాపరాళ్లు కోసేవాడికీ, ఎర్రగుంట్లలో సిమెంటు మూటలు మోసేవాడికీ, వాన మొహం చాటేసిన ఏడు కోసిగి, మంత్రాలయం మండలాల నుంచి సుగ్గికి, అంటే పొట్టకూటి వలసకు, గుంటూరు మిరప చేలకు వెళ్లేవాడికీ అది విలాసం కాదు. పొగాకులోని నికొటిన్ అనే వ్యసన పదార్థానికి ఆకలిని మందగింపజేసే గుణం ఉంది గనుక, కూలి దొరకని పూట అన్నానికి బదులుగా బీడీ పనికొచ్చింది. కరవు సీమలో ఆకలిని అణచిన వస్తువును మానడమంటే ఆ ఆకలిని మళ్లీ ఎదుర్కోవడమే కాబట్టి, ఇక్కడి కూలివాడు మానిన బీడీకీ, నగరంలో ఉద్యోగి వైద్యుడి సలహాపై మానిన సిగరెట్టుకూ బరువులో తేడా ఉందని గుర్తించవలసి ఉంటుంది.

సిగరెట్టు కన్నా బీడీలో పొగాకు తక్కువ కనుక హాని కూడా తక్కువనే నమ్మకం పల్లెల్లో ఇంకా బలంగా ఉంది. శాస్త్రం చెప్పేది దీనికి విరుద్ధం: తునికాకు గుండా గాలి సరిగా చొరబడదు కనుక బీడీ ఆరిపోకుండా ఉండాలంటే తరచుగా, గట్టిగా దమ్ము లాగాలి, అందువల్ల రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమించే కార్బన్ మోనాక్సైడ్ వాయువూ, ఊపిరితిత్తులలో పేరుకునే తారు అనే జిగురు పదార్థమూ సిగరెట్టు కన్నా బీడీ ద్వారానే ఎక్కువగా లోపలికి వెళతాయి. రాతి దుమ్ములో పనిచేసేవాడి ఊపిరికి ఈ పొగ కూడా తోడైనప్పుడు, శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే సీఓపీడీ అనే జబ్బుకు దారి మరింత సుగమమవుతుంది.

ఇక పండుగ సంగతి. బీడీ మానినవాడి ఇంట జరిగేది నిజానికి బీడీకి ఉత్తరక్రియే గనుక, దాని క్రమం కూడా ఆ పద్ధతిలోనే నడుస్తుంది. మూడోనాటి చిన్నదినం అన్నిటికన్నా కఠినమైనది. అప్పటికి రక్తంలోని నికొటిన్ దాదాపు పూర్తిగా పోయి ఉంటుంది కాబట్టి చిరాకు, నిద్రలేమి, తలనొప్పి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం వంటి, వైద్యులు ఉపసంహరణ లక్షణాలని పిలిచే బాధలు ఆ రెండు మూడు రోజుల్లోనే పతాకస్థాయికి చేరతాయి. పదకొండోనాటి పెద్దదినానికి కోపం కొంత తగ్గి ఇంట్లోవారు దగ్గరికి రాగలుగుతారు. నెల మాసికానికి, కొన్ని ముస్లిం కుటుంబాల లెక్కలో చెప్పాలంటే నలభై రోజుల ఫాతెహా నాటికి, దగ్గూ ఆయాసమూ తగ్గుముఖం పట్టడం మొదలవుతుంది. సంవత్సరీకం నాటికి, పొగ తాగుతూ ఉన్నవాడితో పోలిస్తే గుండెజబ్బు వచ్చే అదనపు ముప్పు సుమారు సగానికి పడిపోతుంది. పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయే ముప్పు కూడా దాదాపు సగమవుతుంది. పదిహేనేళ్లకు గుండెజబ్బు ముప్పు ఎన్నడూ తాగనివాడి స్థాయికి చేరుతుంది. కర్త ఏటేటా మరింత ఆరోగ్యవంతుడవుతూ జరిపే తద్దినం లోకంలో ఇదొక్కటే కావచ్చు.

ఇంతటి కార్యానికి బంధువుల రాక తక్కువే. పెళ్లికీ, పుట్టువెంట్రుకలకూ ఊరంతా కదలివచ్చే సీమలో, బీడీ మానినవాడికి దండ వేసే ఆచారం లేదు. బంకు దగ్గర నిలబడిన పాత స్నేహితులు "ఒక్కటి తాగితే ఏమయితాదప్పా" అని ఆప్యాయంగా కట్ట ముందుకు చాపడమే అతనికి దక్కే సత్కారం. ఆ ఒక్క బీడీతో పాత అలవాటు మొత్తం తిరిగి వచ్చే అవకాశం ఎక్కువనీ, తొలి ప్రయత్నంలోనే మానగలిగినవారు కొద్దిమందేననీ వైద్యులు చెబుతారు కాబట్టి, ఏడాది పాటు ఆ చాపిన చేతిని మర్యాదగా వెనక్కి పంపినవాడు ఒక ప్లేటు ఉగ్గాని బజ్జీతో సంబరం చేసుకున్నా అది అతిశయం అనిపించుకోదు.

ఈ సంబరంలో మండలివారి పాత్రను ఇప్పుడు ప్రస్తావించవలసి వస్తున్నది. 2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ సమావేశంలో మండలి, శ్లాబులను, అనగా పన్ను మెట్లను, సవరిస్తూ సిగరెట్టును 40 శాతం మెట్టు మీదకు ఎక్కించి, బీడీని మాత్రం 28 నుంచి 18 శాతానికి దించాలని నిర్ణయించింది. సిమెంటు కూడా అదే సమావేశంలో 28 నుంచి 18కి దిగినందువల్ల, ఎర్రగుంట్ల కూలివాడి వీపు మీది మూటా, చెవి మీది బీడీ ఇప్పుడు ఒకే శ్లాబులో సమానత్వం అనుభవిస్తున్నాయి. బీడీ ఆకును 18 నుంచి 5 శాతానికి తగ్గించగా, పళ్లు తోమే పేస్టు కూడా ఆ 5 శాతం లోనికే వచ్చింది. పళ్లకు గార పట్టించే ఆకునూ, ఆ గారను తోమే పేస్టునూ ఒకే కంటితో చూసిన నిష్పాక్షికత మెచ్చుకోదగినది. ఆ తర్వాత అక్టోబరు 16న కర్నూలు శివారు నన్నూరు వద్ద ప్రధానమంత్రి సమక్షంలో ‘సూపర్ జీఎస్టీ – సూపర్ సేవింగ్స్’ పేరిట పెద్ద సభ జరిగింది. పొదుపే ఆ సభ ఉద్దేశమైతే, మండలి బీడీ మీద పన్నులో ఇచ్చిన తగ్గింపు నూటికి పది రూపాయలు కాగా, మానినవాడు తనకు తానే ఇచ్చుకున్న తగ్గింపు నూటికి నూరు అన్న సంగతి ఆ వేదిక మీద ప్రస్తావనకు వచ్చి ఉండవలసింది.

బీడీ మీద పన్ను పెంచితే ఇంటి అరుగుల మీద కూర్చొని బీడీలు చుట్టే ఆడవారి పొట్ట కొట్టినట్లవుతుందన్నది ఎన్నేళ్లుగానో వినవస్తున్న సమాధానం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకుంటూ, పొగాకు ధూళిని పీల్చుతూ బతికే ఆ స్త్రీల పట్ల ఈ కరుణ నిజమైనదే అయితే, 1976 నాటి చట్టం కింద బీడీల మీద వసూలు చేసి వారి వైద్యానికీ, ఇళ్లకూ, పిల్లల ఉపకారవేతనాలకూ ఖర్చు చేసిన సంక్షేమ సెస్సును 2017లో జీఎస్టీ రాకతో రద్దు చేయడం ఎలా పొసగుతుందో తెలియకున్నది. చుట్టేవారి కోసమే వసూలయ్యే సొమ్మును తీసివేసి, తాగేవాడికి చౌకగా అందే బీడీని మిగిల్చిన విధానాన్ని కార్మికుల రక్షణ అని పిలవడం కష్టం. చిల్లర ధరలో పన్నుల వాటా కనీసం 75 శాతం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీటురాయి కాగా, బీడీ ఆ గీతకు ఎప్పుడూ దూరంగానే ఉండి, ఇప్పుడు మరింత దూరం జరిగింది.

ప్రభుత్వానికి చేతులు అనేకమని ఒప్పుకోవలసిందే. నంద్యాలలోని వ్యవసాయ పరిశోధన స్థానంలో ఒక చేయి బీడీ పొగాకు వంగడాలను మెరుగుపరుస్తుంది. మరో చేయి పన్ను వసూలు చేస్తుంది. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం కింద ఇంకో చేయి కట్ట మీద భయంకరమైన బొమ్మ అచ్చు వేయిస్తుంది. చివరి చేయి కర్నూలు పెద్దాసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెడుతుంది. వీటిలో ఏ చేయీ మానినవాడి వీపు తట్టదు.

కాబట్టి ఈ సంవత్సరీకం సందర్భంగా కోరేది సన్మానం కాదు, మూడు పనులు. బీడీని సిగరెట్టుతో పాటు 40 శాతం శ్లాబులో చేర్చి, పెరిగిన రాబడిలో కొంత బీడీలు చుట్టే స్త్రీలకు వేరే జీవనోపాధి నేర్పడానికి చట్టబద్ధంగా కేటాయించాలి. మానదలచినవారికి సలహా ఇచ్చే 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరు, బీడీ కట్టకు చుట్టిన పలుచని కాగితం మీద తెలుగులో, కంటికి ఆనేంత అక్షరాలతో కనిపించేలా చూడాలి. 2022 జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో చేరిన నికొటిన్ ప్రత్యామ్నాయ చికిత్స, అనగా మానిన బాధను తగ్గించడానికి కొద్ది మోతాదులో నికొటిన్‌ను బిళ్లగానో, నమిలే గమ్ముగానో ఇచ్చే పద్ధతి, ఆదోని, ప్రొద్దుటూరు వంటి పట్టణాల ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా దొరకాలి.

మొదటి పనికి సిఫారసు చేసే అధికారం మండలివారి చేతిలోనే ఉంది. మిగిలిన రెండు వారి పరిధి దాటితే, పక్క భవనాలలోని ఆరోగ్య శాఖవారికి ఈ లేఖను పంపించగలరని ప్రార్థన. అంతవరకు మానినవారు ఖజానాకు నష్టం కలిగిస్తూనే ఉంటారు. మానదలచినవారు కూడా ఆలస్యం చేయక వారితో కలవాలని ఈ లేఖ మూలంగానే విజ్ఞప్తి.